‘ఫార్మాట్ చేయాలి’ అంటే వద్దనే చెప్పండి

ప్రశ్న: మాది విజయనగరం. ఇంట్లో నలుగురం, నాలుగు రకాల కంప్యూటర్లు. నా ఉద్యోగానికి విండోస్ 11 లాప్‌టాప్. మామగారిది విండోస్ 10 డెస్క్‌టాప్. ఆయన ఉత్తరాంధ్ర గుళ్ళ మీద పదేళ్ళుగా ఒక పుస్తకం రాస్తున్నారు, అదంతా పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఉంది. అబ్బాయి ఇంజనీరింగ్, వాడిది ఉబుంటు లినక్స్. అమ్మాయి డిజైన్ చదువుతోంది, తనది మ్యాక్‌బుక్. ఇంట్లో ఫొటోలన్నీ అమ్మాయి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో ఉండేవి. మొన్న మామగారు తన ఫైళ్ళు కూడా అందులో ఒక కాపీ ఉంచుదామని దాన్ని తన కంప్యూటరుకి తగిలించారు. ‘ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని వచ్చిందట. సరే అని నొక్కేశారు. పన్నెండేళ్ళ ఫొటోలు! అబ్బాయి ఏదో సాఫ్ట్‌వేరుతో చాలావరకు వెనక్కి తెచ్చాడు గానీ పేర్లన్నీ పోయాయి. కొన్ని ఫోల్డర్లు వాడు అంతకుముందే తన ఉబుంటులోకి కాపీ చేసుకున్నాడు. అందులో ‘పైడితల్లి పండగ’ అని ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, ఏది అసలో తెలియడం లేదు. అందరం ఒకచోట ఫైళ్ళు పెట్టుకునే దారి, మళ్ళీ ఇలా పోగొట్టుకోకుండా ఉండే దారి చెప్పండి. ఇంటి నెట్‌వర్కులో అందరికీ ఫైళ్ళు అందించే, రెండు డిస్కులు పట్టే నాస్ పెట్టె కొంటే చాలని అబ్బాయి అంటున్నాడు. అటక మీద పాత లాప్‌టాప్ ఒకటి ఊరికే పడి ఉంది. మామగారు ఆ రోజు నుంచి కంప్యూటరు ముట్టుకోవడం లేదు.

— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మామగారి సంగతి. అమ్మా, ఆయనతో నా మాటగా చెప్పండి, తప్పు ఆయనది కాదు. నిజానికి విండోస్ అనాల్సిన మాట ‘ఈ డిస్కులో ఉన్న లిపి నాకు చదవడం రాదు’ అని. అలా అనకుండా, ‘పలక తుడిచేసి కొత్తగా రాసుకుందామా’ అన్నట్టు అడిగింది. చదవడం రానివాడికి తాళపత్రాల కట్ట ఇస్తే ‘ఇవి పొయ్యిలోకి పనికొస్తాయా’ అని అడిగినట్టు. మర్యాదగా అడిగింది కదా అని పెద్దాయన సరే అన్నారు.

ఒక్కో కంపెనీ డిస్కు మీద ఫైళ్ళు పేర్చుకునే పద్ధతి ఒక్కోటి. విండోస్‌ది ఎన్‌టీఎఫ్‌ఎస్, 1993 నుంచీ ఉంది. మ్యాక్‌కి 1998 నుంచి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 2017 నుంచి ఏపీఎఫ్‌ఎస్. లినక్స్‌లో ఎక్కువగా వాడేది ఈఎక్స్‌టీ4. వీటిలో ఎవరికి ఎవరిది వచ్చు అంటే, మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదువుతుంది గాని దాని మీద రాయదు. లినక్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది, రాస్తుంది కూడా. విండోస్‌కి మాత్రం తనంతట తానుగా మిగతావాళ్ళవి ఏవీ రావు. రానప్పుడు ఊరుకోకుండా ఫార్మాట్ అంటుంది. మ్యాక్ కూడా తనకు తెలియని డిస్కు పెడితే ‘ఇనిషియలైజ్’ అనే బొత్తం చూపిస్తుంది, అదీ ఆ పనికే దారి తీస్తుంది. ఇంట్లో అందరికీ ఒక్క నియమం చెప్పండి: డిస్కులో ఏమైనా ఉందని తెలిసినప్పుడు ఈ రెండు మాటల్లో ఏది కనిపించినా రద్దు నొక్కి, తీగ పీకి, ఆ డిస్కు ఎవరిదో వాళ్ళని అడగాలి.

చేత్తో పట్టుకుని ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి తిప్పే డిస్కు ఒకటి కావాలంటే దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. మూడూ చదువుతాయి, మూడూ రాస్తాయి. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి వివరాలు బయటపెట్టాక లినక్స్ మూల భాగమైన కెర్నెల్‌లోకి కూడా చేరింది. పాత ఫ్యాట్32 వద్దు, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, పెళ్ళి వీడియో ఒక్కటి చాలు దాన్ని దాటడానికి. ఎక్స్‌ఫ్యాట్‌కి ఉన్న లోపం ఒకటే. రాస్తూ ఉండగా తీగ పీకితే ఏం జరిగిందో చూసుకుని సరిదిద్దుకునే చిట్టా దానికి లేదు. అందుకని ‘ఎజెక్ట్’ చేయకుండా పీకవద్దు. అది మోత డిస్కు మాత్రమే. ఫొటోలకి అదే శాశ్వత చిరునామా కాకూడదు.

ఇక అసలు ప్రశ్న. మీరు రెండు అడిగారు, కానీ ఒకటే అన్నట్టు అడిగారు. అందరూ చూసుకునే చోటు కావాలన్నారు, పోకుండా ఉండాలన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు పనులు. అందరిదీ అయిన ఫోల్డరులో ఒకరు పెట్టింది నలుగురికీ కనిపిస్తుంది, నిజమే. ఒకరు చెరిపింది నలుగురికీ పోతుంది, అదీ నిజమే. ఫోనులో చోటు చాలక గూగుల్ ఫొటోస్‌లో బొమ్మలు తీసేసి, ‘పైన ఉన్నాయి కదా’ అనుకున్నవాళ్ళు ఎంతమందో. పైన కూడా పోతాయి, చెత్తబుట్టలో 60 రోజులు ఉండి వెళ్ళిపోతాయి. వన్‌డ్రైవ్ అయినా అంతే, చెత్తబుట్ట గడువు తేడా తప్ప. మీరు చెరిపిన మాట దానికి వెంటనే చేరకూడదు, అలాంటిదే బ్యాకప్. ఎంత ఆలస్యంగా, ఎంత మొండిగా ఉంటే అంత మంచి బ్యాకప్.

ఈ లెక్కన మీ అబ్బాయి నాస్ పెట్టె గురించి ఆలోచించండి. రెండు డిస్కులు పెట్టి ఒకదాని అద్దంగా ఇంకోటి నడిపితే, ఒక డిస్కు చెడిపోయిన రోజు రెండోది ఆదుకుంటుంది. అది మంచిదే. కానీ మామగారు నొక్కినట్టు ఎవరైనా నొక్కిన రోజు రెండు డిస్కులూ క్షణంలో ఒకేలా ఖాళీ అవుతాయి. వైరస్ వచ్చినా, పిడుగు పడినా రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. మీకు జరిగిన నష్టానికి ఆ పెట్టె మందు కాదు. డబ్బుంటే తర్వాత కొనుక్కోండి. ఇప్పుడు ఆ డబ్బుతో విడి హార్డ్‌డిస్కులు మూడు కొనండి, 2 టీబీవి చాలు. అటక మీది లాప్‌టాప్ దించండి.

పాత లాప్‌టాప్‌ని నేను నాస్ కంటే ముందు చెప్పడానికి కారణం బ్యాటరీ. కరెంటు పోయినా అది పావుగంటైనా నిలబడుతుంది, యూపీఎస్ కొననక్కర్లేదు. బ్యాటరీ ఉబ్బిందేమో మాత్రం ముందు చూడండి, ఉబ్బితే దాన్ని పెట్టకండి. మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చాలి. అందులో డెబియన్ అనే లినక్స్ వేయమనండి మీ అబ్బాయిని. 4 జీబీ ర్యామ్ ఉంటే ధారాళం. కొత్త డిస్కుల్లో ఒకదాన్ని ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసి యూఎస్‌బీ 3 రంధ్రానికి, అంటే లోపల నీలంగా ఉన్నదానికి తగిలించాలి. లాప్‌టాప్ మరీ పాతదై నీలం రంధ్రమే లేకపోతే పని జరుగుతుంది గాని నెమ్మదిగా.

ఈఎక్స్‌టీ4 అయితే విండోస్‌కి రాదన్నారుగా అంటారేమో. నెట్‌వర్కు మీద అడిగినప్పుడు ఆ గొడవే లేదు. కిరాణా కొట్టులో షావుకారు గోడౌనులో బస్తాలు ఎలా పేర్చుకున్నాడో మనకెందుకు, చీటీ ఇస్తే సరుకు కౌంటరు మీదికి వస్తుంది. ఆ చీటీ రాసే పద్ధతి పేరు ఎస్‌ఎమ్‌బీ. విండోస్‌కి అది మాతృభాష, మ్యాక్ కూడా ఇప్పుడు అదే వాడుతోంది. లినక్స్‌లో దాన్ని మాట్లాడే షావుకారు సాంబా. 1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, రెండు యంత్రాల మధ్య తీగలో పోయే మాటలు విని విని ఆ భాష నేర్చుకుని దీన్ని రాశాడు. తర్వాత పేరు మార్చాల్సి వచ్చినప్పుడు ఎస్, ఎమ్, బీ అక్షరాలు అదే వరసలో ఉన్న మాట కోసం నిఘంటువు వెతికితే ‘సాంబా’ దొరికింది. మన సాంబశివుడికీ దానికీ సంబంధం లేదు, నేనూ చాలాకాలం ఉందేమో అనుకున్నాను.

సాంబా వేయడం మీ అబ్బాయికి ఒక ఆదివారం పని. వాడు ఎక్కడ తట్టుకుని పడతాడో నాకు తెలుసు కాబట్టి అవి చెప్తాను.

సాంబా పాస్‌వర్డు వేరు, లినక్స్ పాస్‌వర్డు వేరు. ఇంట్లో ఒక్కొక్కరికీ సాంబాలో విడిగా పేరు చేర్చి పాస్‌వర్డు పెట్టాలి. మీరు విండోస్‌లోకి వెళ్ళడానికి వాడే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు, చాలామంది దాన్నే పదిసార్లు కొట్టి ‘పని చేయడం లేదు’ అంటారు. ఇంట్లోవాళ్ళమే కదా, పాస్‌వర్డు లేకుండా తెరిచి పెడదామని అనుకోకండి. అతిథిగా లోపలికి వెళ్ళడాన్ని కొత్త విండోస్‌లు చాలావరకు ఒప్పుకోవు.

అన్నీ సరిగ్గా పెట్టినా విండోస్‌లో ‘నెట్‌వర్క్’ తెరిస్తే సాంబా యంత్రం కనిపించకపోవచ్చు. కనిపించకపోతే లేదని కాదు. పైన చిరునామా గడిలో \\192.168.1.50 అని, అంటే మీ సర్వరు (ఆ పాత లాప్‌టాప్) అంకెలు కొట్టండి, తెరుచుకుంటుంది. మ్యాక్‌లో ఫైండర్ ‘గో’ మెనూలో ‘కనెక్ట్ టు సర్వర్’ నొక్కి, ఎస్‌ఎమ్‌బీ అనే మూడక్షరాలు ఇంగ్లీషులో కొట్టి దాని వెనక ://192.168.1.50 చేర్చాలి. ఉబుంటు ఫైల్స్‌లోనూ అదే. ఈ అంకెలు రోజూ మారకుండా రౌటరులో ఆ లాప్‌టాప్‌కి ఖాయం చేయించండి.

ఇంటర్నెట్‌లో వెతికితే ‘ఎస్‌ఎమ్‌బీ 1 ఆన్ చేయండి, అంతా కనిపిస్తుంది’ అని సలహా దొరుకుతుంది. చేయకండి. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత దారిలోని లోపం వల్లే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అప్పుడు దాని బారిన పడ్డాయి. రౌటరు వెనక యూఎస్‌బీ రంధ్రంలో డిస్కు పెట్టి పంచుకోవచ్చు కదా అని కూడా మీకు ఎవరో ఒకరు చెప్తారు. చవక రౌటర్లలో చాలావాటికి వచ్చింది ఆ పాత ఎస్‌ఎమ్‌బీ 1 ఒక్కటే, అందుకే నేను చెప్పను. అలాగే ఊరు దాటినప్పుడు ఇంటి ఫైళ్ళు చూసుకోవాలని రౌటరులో ఎస్‌ఎమ్‌బీ దారి అయిన 445 పోర్టు బయటికి తెరవమంటే ఒప్పుకోకండి. అది వీధి తలుపు తీసి పెట్టి సినిమాకి వెళ్ళడమే. అవసరమైతే మీ యంత్రాల మధ్య మాత్రమే రహస్య దారి వేసే టెయిల్‌స్కేల్ లాంటిది వాడొచ్చు.

ఇంకొకటి, ఇది పెద్దవాళ్ళకే కాదు అందరికీ చెప్పండి. నెట్‌వర్కు ఫోల్డరులో చెరిపిన ఫైలు విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. సాంబాలో ‘రీసైకిల్’ అనే భాగం ఒకటి ఉంది. దాన్ని పెట్టుకుంటే చెరిపినవి సర్వరులోనే ఒక మూల ఫోల్డరులోకి వెళ్తాయి. తప్పకుండా పెట్టించండి. మామగారి పుస్తకం ఫోల్డరును ఆయన ఒక్కరే రాసేట్టు, మిగతావాళ్ళు చదివేట్టు చేయండి.

కాపీ ఎందుకో నత్తనడక నడుస్తోందంటే ముందు తీగ చూడండి. గిగాబిట్ వేగానికి నెట్‌వర్కు తీగలోని ఎనిమిది పోగులూ కావాలి. మన దగ్గర ఇళ్ళకి కనెక్షన్ ఇచ్చేవాళ్ళు నాలుగే పోగులు నొక్కి వదిలేస్తుంటారు. అప్పుడు వేగం 100 మెగాబిట్లకి పడిపోతుంది, అంటే సెకనుకి 11 ఎమ్‌బీ. 400 జీబీ ఫొటోలకి పది గంటలు. అదే ఎనిమిది పోగులుంటే గంట. మొదటి పెద్ద కాపీ వైఫై మీద చేయకండి.

ఇప్పుడు పైడితల్లి అమ్మవారి ఫోల్డరు. ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమస్య ఇదే, కాస్త ఓపిక పట్టండి.

కంప్యూటర్లు అక్షరాలకి వాడే ఉమ్మడి సంకేతాల పట్టిక యూనికోడ్. తెలుగు అక్షరాల్లో ‘ై’ ఒక్క గుర్తుకే అందులో రెండు రాతలు చెల్లుతాయి. ఒకటి ఐత్వం మొత్తం ఒకే సంకేతంగా. రెండోది ఎత్వం ‘ె’, దాని కింద వేసే గుర్తు ‘ౖ’, ఇలా రెండు సంకేతాలుగా. చూడ్డానికి తేడా ఉండదు. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. విండోస్‌లోనో ఫోనులోనో ‘పైడితల్లి’ అని కొడితే మామూలుగా ఒకే సంకేతం పడుతుంది. మ్యాక్ పాత పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ మాత్రం ఏ పేరు ఇచ్చినా దాన్ని విడగొట్టి రాసుకునేది. మీ అమ్మాయి డిస్కు ఆ కాలందై ఉంటుంది. దాన్ని మ్యాక్‌కి పెట్టి మీ అబ్బాయి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాముతో తన ఉబుంటులోకి తెచ్చినప్పుడు విడిపోయిన ‘పై’ వచ్చింది. మీ విండోస్ లాప్‌టాప్ నుంచి తెచ్చినప్పుడు కలిసి ఉన్న ‘పై’ వచ్చింది. లినక్స్ పేరులోని సంకేతాలు చూస్తుందే తప్ప ఆకారం చూడదు, రెండు వేర్వేరు ఫోల్డర్లని పెట్టేసింది. అంటే ఒకటి అసలు, ఒకటి నకలు అని కాదు, రెండూ అసలే. రెండింట్లో వేర్వేరు ఫొటోలు ఉండే అవకాశమే ఎక్కువ. ఏదీ చెరపకండి. ఒకదానికి పేరు చివర ‘2’ చేర్చి, లోపలివన్నీ పోల్చి చూసి అప్పుడు కలపండి.

‘సిరిమాను’, ‘సంక్రాంతి’, ‘పెళ్ళి’ ఫోల్డర్లకి ఈ తంటా లేకపోవడం, ‘పైడితల్లి’, ‘మైసూరు’, ‘హైదరాబాద్’ ఫోల్డర్లకి ఉండడం చూసి మీ అబ్బాయి బుర్ర గోక్కునే ఉంటాడు. ఆర్‌సింక్ మూడో తరంలో ‘ఐకాన్వ్’ అనే ఎంపిక ఉంది, మ్యాక్ నుంచి తెచ్చేటప్పుడు అది పెడితే పేర్లు దారిలోనే కలుస్తాయి. ఇప్పటికే వచ్చినవాటిని ‘కాన్వ్ ఎమ్‌వీ’ అనే చిన్న ప్రోగ్రాము సరిచేస్తుంది.

పేర్ల గురించే ఇంకో రెండు మాటలు. లినక్స్ డిస్కులో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగు గుర్తు ఒక్కోటి మూడు. ‘పెళ్ళి’ అన్న మాటలోనే పకారం, ఎత్వం, ళకారం, పొల్లు, మళ్ళీ ళకారం, గుడి, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. ఆ లెక్కన తెలుగు పేరు 85 గుర్తులతో సరి. విండోస్‌లో హాయిగా ఉన్న ‘శ్రీముఖలింగేశ్వర స్వామి వారి ఆలయ...’ అంటూ సాగే పేరు సర్వరులోకి కాపీ కాదు, ఎందుకో కూడా సరిగ్గా చెప్పదు. పేర్లు తెలుగులో పెట్టొద్దని నేననను, పొట్టిగా పెట్టమంటాను. రెండోది, ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు ఉన్న పేర్లు లినక్స్‌లో చెల్లుతాయి, విండోస్‌లో చెల్లవు. మీ అబ్బాయి ‘ఎవరిది?’ అని ఫైలు పెడితే మీకు అది తలాతోకా లేని పొట్టి పేరుతో కనిపిస్తుంది. తేదీలకి చుక్కలో చిన్న గీతలో (-) వాడుకోండి.

ఇక బ్యాకప్. రెండు మెట్లు. ఒక్కో కంప్యూటరు తనది సర్వరుకి పంపాలి, సర్వరు మొత్తం ఇంకో డిస్కుకి పోవాలి.

మ్యాక్‌కి టైమ్ మెషిన్ ఉంది, 2007 నుంచీ ఉన్న మంచి వస్తువు. సాంబాలో దానికి విడిగా ఒక షేరు, అంటే పంచుకునే ఫోల్డరు, ఇచ్చి పరిమితి పెట్టండి, లేకపోతే ఉన్న చోటంతా అదే తినేస్తుంది. మీ విండోస్‌లకి ఫైల్ హిస్టరీ చాలు, కంట్రోల్ ప్యానెల్‌లో ఉంటుంది. అయితే అది డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటివే చూస్తుంది. మనవాళ్ళు ముఖ్యమైనవన్నీ డీ డ్రైవులో పెడతారు, ‘సీ లో పెడితే పోతాయి’ అని ఎప్పుడో ఎవరో చెప్పింది అలా నాటుకుపోయింది. మామగారి పుస్తకం డీ లోనే ఉంటుందని పందెం కాస్తాను. ఆ ఫోల్డరును లైబ్రరీలో చేర్చకపోతే ఫైల్ హిస్టరీ ఏళ్ళ తరబడి నడుస్తూ పుస్తకాన్ని ముట్టుకోదు. ఉబుంటులో మీ అబ్బాయి టైమ్‌షిఫ్ట్ పెట్టుకుని ధైర్యంగా ఉన్నాడేమో అడగండి. అది సిస్టమ్‌ను కాపాడుతుంది, హోమ్ ఫోల్డరును మామూలుగా వదిలేస్తుంది. వాడికి డేజా డప్ గాని రెస్టిక్ గాని సరిపోతుంది. ఇంకోటి, మామగారి విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. పుస్తకం అయ్యేదాకా దాన్ని కదపలేరు కాబట్టి, ఆ కంప్యూటరులో ఈమెయిలు, బ్రౌజరు వాడకం తగ్గిస్తే మంచిది.

రెండో మెట్టులోనే ఎక్కువమంది జారతారు, నేనూ జారాను. కొన్నేళ్ళ కిందట నా ఫొటోల డిస్కుకి ‘అద్దం’ పట్టించే ప్రోగ్రాము పెట్టుకున్నాను, ఇటుది అటు అచ్చు దించేది. ఒక రాత్రి నిద్రమత్తులో రెండు డిస్కులనూ తారుమారుగా చూపించాను. ఖాళీ డిస్కే అసలు అనుకుని అది నా నిండు డిస్కును శ్రద్ధగా ఖాళీ చేసింది. అప్పటి నుంచి అద్దం పద్ధతి మానేశాను. రెస్టిక్ లాంటివి ప్రతిసారీ ఆ రోజు ఎలా ఉందో అలా ఒక చిత్రం తీసి ఉంచుతాయి, మారినవి మాత్రమే కొత్తగా చేరతాయి కాబట్టి చోటు పెద్దగా పట్టదు. నిన్నటిది చెడితే మొన్నటిది, లేదా పోయిన నెలది తీసుకోవచ్చు.

కొత్త డిస్కుల్లో రెండోది వారానికోసారి లాప్‌టాప్‌కి తగిలించి, రెస్టిక్ నడిపి, పీకి బీరువాలో పెట్టండి. పీకడమే ముఖ్యం. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ తాళం వేస్తుంది. ఆదివారం తలంటు అయ్యాక అనో, ఇంకేదో అనో ఒక వేళ పెట్టుకోండి, ‘వీలున్నప్పుడు’ అనుకుంటే జరగదు.

మూడోది ఊరు దాటాలి. ‘మూడు ప్రతులు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట’ అని పీటర్ క్రో అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఉంది. అంత లెక్క అవసరం లేదు, 2014 అక్టోబరు 12 గుర్తుంటే చాలు. హుద్‌హుద్ వచ్చిన రోజు మీ ఊళ్ళో ఏ ఇంట్లో ఏ గదిలో నీళ్ళు పడ్డాయో మీకే బాగా తెలుసు. మూడో డిస్కు మీ పుట్టింట్లోనో, ఎవరైనా దగ్గరి బంధువుల ఇంట్లోనో ఉంచండి. పండక్కి వెళ్ళినప్పుడల్లా బీరువాలోది అక్కడ పెట్టి, అక్కడిది తెచ్చుకోండి. రెస్టిక్ అంతా సంకేత భాషలోకి మార్చి దాస్తుంది, ఎవరి చేతిలో పడినా చదవలేరు. పాస్‌వర్డు మరిచిపోతే మీరూ చదవలేరు, తెరిపించేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టండి. ఫోనులో రాసుకోవద్దు. ఆధార్, మార్కుల జాబితాలు, పుస్తకం పీడీఎఫ్ లాంటి చిన్నవి గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీలో కూడా ఒక ప్రతి ఉంచుకోవచ్చు.

పుస్తకం మాట వచ్చింది కాబట్టి. పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే దాచితే మామగారి పుస్తకం దాచినట్టు కాదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైలులో ఉండేవి వేరే సంకేతాలు, వాటికి తెలుగు ముఖం ఇచ్చేది ఆ ఫాంటే. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పదేళ్ళ శ్రమ పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. మూడు కలిపి దాచండి. పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఆయన వాడిన అను ఫాంట్లన్నీ, ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్. వీలైతే పూర్తయిన అధ్యాయాలను యూనికోడ్‌లోకి మార్చి మామూలు పాఠంగా కూడా ఉంచండి. మార్చే పరికరాలు ఉన్నాయి, వత్తుల దగ్గర తప్పులు పోతాయి, ఎవరైనా కూర్చుని దిద్దాలి. మీ అమ్మాయికి సెలవుల్లో మంచి పని.

ఇదంతా పెట్టాక మూడు నెలలకోసారి ఒక చిన్న పరీక్ష చేయండి. నలుగురివీ ఒక్కో ఫైలు బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి, అది పుట్టిన కంప్యూటరులో కాకుండా ఇంకోదానిలో తెరిచి చూడండి. 2017 జనవరి 31న, ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు ఫోల్డరునే చెరిపేశాడు. రోజువారీ బ్యాకప్ తీద్దామని చూస్తే అక్కడ ఏమీ లేదు. వెర్షన్ల తేడా వల్ల అది ఎప్పటినుంచో విఫలమవుతోంది, విఫలమైందని పంపిన ఈమెయిళ్ళను వాళ్ళ మెయిలే తిప్పికొడుతోంది. ఆరు గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన ఒక ప్రతి ఉండబట్టి బయటపడ్డారు. అంతటి వాళ్ళకే అలా జరిగినప్పుడు మన ఇంటి బ్యాకప్ నోరెత్తడం లేదు కదా అని నమ్మి ఊరుకోలేం.

చివరిగా ఆ ఫార్మాటైన డిస్కు. దాని మీద ఇంకేమీ రాయకండి. తొందర ఫార్మాటు పైపైన కొత్త గళ్ళు గీస్తుంది, కింద ఫొటోలు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తవి పడేదాకా. అబ్బాయి వెతికిన సాఫ్ట్‌వేరుతో ఇంకోసారి మొత్తం వెతికించి, వచ్చినవి కొత్త డిస్కులోకి తీయించండి. పేర్లు పోయినా, కెమెరాతో తీసిన ఫొటో లోపల తీసిన తేదీ, గంట రాసి ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చినవాటికి మాత్రం ఉండవు. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాము ఆ తేదీలు చదివి ఫొటోలను సంవత్సరం, నెల, రోజు ఫోల్డర్లుగా సర్దేస్తుంది. అక్కడి నుంచి ఏ తేదీ ఏ సందర్భమో గుర్తుపట్టే మనిషి కావాలి, అది ఏ సాఫ్ట్‌వేరు వల్లా కాదు. మామగారిని కూర్చోబెట్టండి. పైడితల్లి పండగలో సిరిమాను ఉత్సవం ఎప్పుడూ దసరా వెళ్ళాక వచ్చే మంగళవారమే కదా, పన్నెండేళ్ళ మంగళవారాలు ఆయన పంచాంగాల కట్ట చూసి చెప్పేస్తారు.